కిడ్నీ పనితీరు తగ్గినప్పుడు విటమిన్ మాత్రలు ఎలా ఎంచుకోవాలి?

ముందు ఇంట్లో ఉన్న విటమిన్ మాత్రలు, సాచెట్లు, టానిక్కులు అన్నీ ఒకచోట పెట్టండి. జుట్టుకని కొన్నవి, జలుబుకని చప్పరించేవి, మోకాళ్లకని వేసుకునే కాల్షియం, కాడ్ లివర్ ఆయిల్ గొట్టాలు కూడా. "అవేం మందులు కాదులే" అని డాక్టరుకు చెప్పకుండా వదిలేసేవి ఇవే.

తర్వాత మీ ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఏ మేరకు వడకడుతున్నాయో చెప్పే అంకె, ఎంతో చూడండి. కిడ్నీ వడకట్టి పంపాల్సిన వ్యర్థమైన క్రియాటినిన్ ఒక్కటే చూస్తే మోసపోతాం. క్రియాటినిన్ 1.3 ఉన్న 60 ఏళ్ల మగవారికి ఈజీఎఫ్ఆర్ సుమారు 63 వస్తుంది; అదే వయసు, అదే క్రియాటినిన్ ఉన్న ఆడవారికి 47 దగ్గరే ఆగుతుంది. మూడు నెలలకు మించి 60 లోపే ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా లెక్కిస్తారు. ఇక్కడి నుంచి చెప్పేది ముఖ్యంగా వాళ్లకే.

ఇప్పుడు ఒక్కో లేబులూ చదవండి. విటమిన్ ఎ లేదా రెటినాల్ అని ఉంటే పక్కన పెట్టి, డాక్టరును అడిగేదాకా ముట్టుకోకండి. కిడ్నీ బలహీనపడితే అది రక్తంలో పేరుకుంటుంది. క్యారెట్, మునగాకు తినడం వేరు. వాటిలోని కెరోటిన్‌ను శరీరం తనకు కావలసినంతే ఎ గా మార్చుకుంటుంది.

విటమిన్ సి దగ్గర పొరపాటు ఎక్కువ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన మగవారికి రోజుకు 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు చాలు. మందుల షాపులో దొరికే బిళ్ల 500. మిగులు సి లో కొంత ఆక్సలేట్ అనే వ్యర్థంగా మారుతుంది. బాగా పనిచేసే కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది. బలహీనమైన కిడ్నీలో అది గడ్డకట్టి ఇంకా దెబ్బతీస్తుంది. అందుకే కిడ్నీ రోగులకు మాత్ర రూపంలో సాధారణంగా 60 నుంచి 100 మిల్లీగ్రాములు దాటనివ్వరు. పరగడుపున గ్లాసు నిండా ఉసిరి రసం తాగే అలవాటు ఉంటే అదీ ఈ లెక్కలోకే వస్తుంది. నీళ్లలో బుస్సుమని కరిగే బిళ్లల్లో సోడియం కూడా ఉంటుంది. బీపీ ఉన్నవారు గమనించాలి.

విటమిన్ డి విషయంలో తొందరపడకండి. ఎండ నుంచో మాత్ర నుంచో వచ్చిన డి ని మొదట కాలేయం, ఆఖర్న కిడ్నీ మారిస్తేనే అది పనికొచ్చే రూపానికి వస్తుంది. కిడ్నీ ఆ పని చేయలేనప్పుడు డాక్టర్లు కాల్సిట్రయాల్ రాస్తారు. అది 0.25 మైక్రోగ్రాముల చిన్న గొట్టం. అది అయిపోయిందని దాని బదులు 60,000 యూనిట్ల డి సాచెట్ తెచ్చుకోకూడదు, సాచెట్ బదులు కాల్సిట్రయాలూ వాడకూడదు. రెండూ డి యే అయినా పని వేరు. ఆ సాచెట్ మామూలుగా వారానికి ఒకటి, కొన్ని వారాలపాటే. చీటీ సరిగా చదవక రోజూ వేసుకుంటే కాల్షియం పెరిగి దాహం, మలబద్ధకం, వాంతులు, మగత వస్తాయి, కిడ్నీ మరింత కుంగుతుంది. ఇది కొవ్వులో నిలవుండే విటమిన్. ఆపేసినా వారాల తరబడి ప్రభావం పోదు. చాలా కాల్షియం మాత్రల్లో కూడా డి ఉంటుంది కాబట్టి రెండూ కలిపి లెక్కించండి.

బి విటమిన్ల సంగతి తిరగబడుతుంది. డయాలసిస్‌లో బి కాంప్లెక్స్, ఫోలిక్ యాసిడ్ నీటితోపాటే కొట్టుకుపోతాయి. అందుకే డయాలసిస్ రోజున ఆ మాత్ర మిషన్ మీద నుంచి దిగాకే వేసుకోవాలి. కూరగాయలు నానబెట్టి, ఉడికించి నీళ్లు పారబోస్తే పొటాషియంతోపాటు బి, సి కూడా పోతాయి. రక్తంలో పొటాషియం ఎక్కువగా లేనివారికి ఆ శ్రమ అనవసరం. షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారు బి12 పరీక్ష చేయించుకోవాలి. తిమ్మిర్లకని బి6 ను 100 మిల్లీగ్రాముల చొప్పున నెలల తరబడి మింగితే ఆ బి6 వల్లే నరాలు దెబ్బతిని తిమ్మిర్లు రావచ్చు.

మిగిలిన జాబితా డాక్టరుకు చూపించి, ఏవి ఉంచాలో తేల్చుకోండి. డి మొదలుపెడితే కాల్షియం, ఫాస్ఫరస్, డి పరీక్షలు మళ్లీ ఎప్పుడు చేయించాలో అప్పుడే అడిగి రాసుకోండి. జుట్టు మాత్రల్లో ఉండే బయోటిన్ 5, 10 మిల్లీగ్రాముల మోతాదులో థైరాయిడ్, పారాథైరాయిడ్ పరీక్షల ఫలితాలను తప్పుగా చూపించవచ్చు. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు దాన్ని ఆపాలి. కిడ్నీ బలహీనంగా ఉంటే అది ఒంట్లో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ఎన్ని రోజులు ఆపాలో ల్యాబులో ముందే కనుక్కోండి.