గోవాలో పెళ్లి అనుకుంటున్నారా? ముందు ఇవి తేల్చుకోండి

నాది పౌరోహిత్యం. పుట్టింది కోనసీమలో, ఉండేది రాజమండ్రిలో. ఒకప్పుడు పెళ్లి మాట్లాడటానికి వచ్చినవాళ్లు రాగానే పంచాంగం తీయించేవారు. ఇప్పుడు ఫోన్ తీసి రిసార్టు ఫొటోలు చూపిస్తున్నారు. కొందరైతే అడ్వాన్సు కూడా కట్టేసి వచ్చి, "ఈ మూడు రోజుల్లో ఏదో ఒక ముహూర్తం చూడండి గురువుగారూ" అంటారు. గోవాలోనూ ఉదయ్‌పూర్‌లోనూ పెళ్లిళ్లు చేయించాను. చక్కగానే జరిగాయి. కాబట్టి వద్దని చెప్పను. ఏది ముందు చూసుకోవాలో, ఏది తర్వాతో చెబుతాను.

అన్నిటికంటే ముందు ఒక కాగితం తీసుకుని, తంతులో ఎవరి చేయి పడాలో వాళ్ల పేర్లు రాయండి. పిలుపుల జాబితా తర్వాత సంగతి. కన్యాదానం చేసే దంపతులు, పెళ్లికూతుర్ని బుట్టలో తెచ్చే మేనమామలు, లాజహోమంలో పేలాలు పోసే అన్నదమ్ములు, తోటిపెళ్లికూతురు, ఆడపడుచు, పసుపు దంచే ముత్తైదువులు, అక్షింతలు వేయాల్సిన తాతయ్య, అమ్మమ్మ. ఒక్కో పేరు పక్కన రెండు విషయాలు రాయండి: అంతదూరం రాగలరా, టికెట్ ఎవరు కొంటారు? రెండోది అడగడానికి మొహమాటపడతారు గానీ, గొడవలన్నీ అక్కడే పుడతాయి. విమానం టికెట్లు కొనలేక "సెలవు దొరకలేదు" అనే మేనమామలు ఉంటారు. అమ్మమ్మ మోకాళ్లకు ఆ మెట్లు, ఆ ఇసుక కుదరవు. ఈ కాగితంలో ఒక్క ముఖ్యమైన పేరు పక్కన "రాలేరు" అని పడినా, మార్చాల్సింది ఊరినే.

ఆ తర్వాత నెల. మనకు ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, ధనుర్మాసంలో లేవు. డిసెంబరు చివర గోవా వెలిగిపోతూ ఉంటుంది కానీ మనకు పనికిరాదు. శ్రావణంలో ముహూర్తాలుంటాయి, అప్పుడు గోవాలో కుండపోత వానలు. వైశాఖంలో ఉంటాయి, ఉదయ్‌పూర్‌లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఇక మిగిలేవి కార్తీకం, మార్గశిరం, మాఘం, ఫాల్గుణం. వాటిలోనూ మౌఢ్యం (గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరై కనిపించని రోజులు, మూఢం అంటాం) వచ్చిన ఏడాది సగం పోతాయి. మిగిలిన ఆ కాసిని తేదీల కోసమే దేశంలో సగంమంది కొట్టుకుంటారు, రేట్లూ అలాగే ఉంటాయి. అందుకే ముహూర్తం పెట్టించాకే రిసార్టుకు ఫోన్ చేయండి.

ముహూర్తం పెట్టించేటప్పుడు పెళ్లి ఏ ఊళ్లోనో కూడా చెప్పండి. లగ్నం ఊరిని బట్టి మారుతుంది. రాజమండ్రికీ గోవాకీ రేఖాంశంలో దాదాపు ఎనిమిది డిగ్రీల తేడా, అంటే సుమారు అరగంట. ఇక్కడ కట్టిన లగ్నాన్ని అలాగే తీసుకెళ్లి అక్కడ తాళి కట్టిస్తే ఆ లగ్నం ఇంకా మొదలైనా అయ్యుండదు. నమ్మకం లేనివాళ్లకు ఇది అనవసరమే. ఉన్నవాళ్లు మాత్రం అడ్రసు చెప్పకుండా ముహూర్తం అడగకండి.

ఇక అసలు చిక్కు. మన ముహూర్తాలు చాలావరకు రాత్రిపూట. చట్టప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకులూ, వాయిద్యాలూ కుదరవు. మన ఊళ్లో ఎవరూ పట్టించుకోరేమో గానీ రిసార్టువాళ్లు పదికల్లా వచ్చి నిలబడతారు. సరే, హాల్లోకి వెళ్దామంటే అక్కడ మేళం ఉండొచ్చు, అగ్ని ఉండకూడదు. పైన పొగ అలారాలు. ఒకచోట రాత్రి జీలకర్రబెల్లం, మాంగల్యధారణ హాల్లో జరిపించి, తెల్లవారాక లాన్‌లో హోమం చేయించాను. సముద్రపు గాలికి దీపాలు నిలవలేదు. తమ్ముడు పోసిన పేలాల్లో సగం ఫొటోగ్రాఫర్ ఒళ్లో పడ్డాయి. పిల్లలు నవ్వుకున్నారు, పెద్దాయన ముఖం మాత్రం మాడిపోయింది. అందుకే బేరం మాట్లాడేటప్పుడే అడగండి: రాత్రి రెండు గంటలకు మేళం ఎక్కడ మోగించొచ్చు, హోమం ఎక్కడ చేసుకోవచ్చు? పగటి ముహూర్తం దొరికితే ఈ తలనొప్పి ఉండదు.

ఎండుకొబ్బరి, కర్పూరం విమానంలో రానివ్వరు. అక్కడే కొనిపించండి. రైల్లో వచ్చేవాళ్లకు విజయవాడ మీదుగా గోవాలోని వాస్కోకు అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది, కాకపోతే రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. వంటవాళ్లను మనమే తీసుకెళ్తామంటే చాలా రిసార్టులు ఒప్పుకోవు. పప్పుచారు లేని పెళ్లిభోజనానికి మగపెళ్లివారు ఏమంటారో ఆలోచించుకోండి.

డబ్బు దగ్గర ఒకటే మాట. "మనుషులు తక్కువ, కాబట్టి ఖర్చూ తక్కువ" అంటారు. గది అద్దె రోజుకు 7,500 దాటితే దాని మీద జీఎస్టీయే 18 శాతం. పైగా పిలవని బంధువులకు, వీధిలోవాళ్లకు, ఆఫీసువాళ్లకు ఇంటికొచ్చాక రిసెప్షన్ పెట్టక తప్పదు. ఆ రెండో విందు కూడా కలిపి లెక్క వేశాకే పోల్చండి.

విదేశాల్లో అనుకునేవాళ్లు ప్రత్యేక వివాహ చట్టం కింద ఇక్కడే ముందు రిజిస్టర్ చేసుకుని, అక్కడ తంతు మాత్రం జరుపుకునే దారి ఒకటుంది. దానికి 30 రోజుల నోటీసు ఇవ్వాలి.

ఊరు దాటాలన్న సరదా తీరాలంటే అంతదూరమే వెళ్లక్కర్లేదు. అన్నవరం రత్నగిరి మీద పెళ్లి చేసుకుని, అక్కడే సత్యనారాయణ వ్రతం చేసుకునే జంటలు ఎప్పుడూ ఉంటారు. తిరుమల కల్యాణవేదికలో పురోహితుణ్ణి, మంగళవాయిద్యాలను టీటీడీయే ఉచితంగా ఇస్తుంది. వధూవరులు, వాళ్ల తల్లిదండ్రులు 300 రూపాయల క్యూలో దర్శనానికి వెళ్లొచ్చు. హైదరాబాద్‌వాళ్లకైతే మా కోనసీమ దిండిలో గోదావరి ఒడ్డు ఏ గోవాకీ తీసిపోదు (మా ఊరివైపు కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను).

అన్నీ కుదిరి ఒప్పందం రాసుకునేటప్పుడు మైల సంగతి మర్చిపోకండి. పెద్దవాళ్లున్న ఇల్లు, పెళ్లికి ముందు ఏదైనా జరగొచ్చు. మన ఊళ్లో కల్యాణమండపంవాడు తెలిసినవాడే, తేదీ మార్చమంటే మారుస్తాడు. రిసార్టు అలా చేయదు. అలా వాయిదా పడితే కట్టిన డబ్బు కొత్త తేదీకి జమ చేస్తారా, ఎంత కోస్తారు, ఎన్ని నెలల్లోపు మళ్లీ పెట్టుకోవాలి అన్నది కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు కట్టండి.