బ్రీదర్ పైపు తీసేశాక వచ్చే తంటాలు: సమస్య - పరిష్కారం

పాత పెట్రోలు కారును ముచ్చటపడి బాగు చేయించుకునేవాళ్ల కంటికి ముందుగా ఆనేది ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైభాగాన ఉండే మూత) మీంచి వెళ్లే నల్ల రబ్బరు బ్రీదర్ పైపులే. బానెట్ ఎత్తితే అందవికారంగా కనిపిస్తాయి, నిజమే. వాటిని పీకేసి ఓ చిన్న క్రోమ్ బ్రీదర్ ఫిల్టర్ బిగిస్తారు, మిగిలిన రంధ్రానికి మెరిసే బిరడా కొడతారు. ఆ తర్వాత ఒక్కోటీ మొదలవుతుంది.

ఆ పైపులు ఊరికే లేవు. సిలిండర్‌లో మండిన గ్యాసు కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందున్న క్రాంక్‌కేసులోకి, అంటే క్రాంక్ తిరిగే అరలోకి దిగుతుంది. కొత్త ఇంజిన్‌లోనూ ఇది తప్పదు. అందులో నీటి ఆవిరి, మండని పెట్రోలు, ఆయిల్‌ని పాడుచేసే ఆమ్లాలు ఉంటాయి. ఒక పైపు ఎయిర్ ఫిల్టర్ దగ్గర్నుంచి శుభ్రమైన గాలి తెస్తుంది. రెండోది పీసీవీ వాల్వ్ (ఆ గ్యాసు ఎంత పోవాలో అదుపు చేసే చిన్న కవాటం) మీదుగా ఆ గ్యాసును ఇంటేక్ మానిఫోల్డ్‌లోకి, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టంలోకి లాగుతుంది, అక్కడి నుంచి సిలిండర్‌లోకి వెళ్లి కాలిపోతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మానిఫోల్డ్‌లో లాగుడు తగ్గుతుంది కాబట్టి, మిగిలిన గ్యాసు మొదటి పైపులోంచి వెనక్కి ఎయిర్ ఫిల్టర్ వైపు పోతుంది. అందుకే రెండు పైపులూ కావాలి.

ఆయిల్ క్యాప్ కింద తెల్లటి జిగురు

విశాఖలో పైపు తీసేసిన కార్లకు ఇది తొందరగా వస్తుంది. ఉక్కపోత ఒకటి, చిన్న చిన్న తిరుగుళ్లు ఇంకొకటి. ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం వెళ్లి వచ్చేసరికి కూలెంట్ వేడెక్కుతుంది గానీ ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపలి ఆవిరిని లాగే దారి లేకపోతే అది క్యాప్ కింద, కవర్ లోపల నీరై ఆయిల్‌తో కలిసి తెల్లగా పేరుకుంటుంది.

అయితే కంగారుపడి ఇంజిన్ హెడ్ విప్పించకండి. ముందు కూలెంట్ తగ్గుతోందేమో, డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా పాలకాఫీ రంగుకు తిరిగిందేమో చూడండి. ఆ రెండూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానం, బండి నడపొద్దు. క్యాప్ దగ్గర మాత్రమే ఉంటే, తుడిచేసి విజయనగరం దాకా ఆగకుండా వెళ్లి రండి. మళ్లీ రాకపోతే అది చిన్న తిరుగుళ్ల పుణ్యం. ఒకటి రెండు వారాల్లో మళ్లీ వస్తే గాలి ఆడటం లేదని అర్థం. పైపులు తిరిగి పెట్టి, ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ రెండూ మార్చేయండి.

కొత్త ప్యాకింగ్ వేసినా ఆయిల్ కారడం

ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చారు, క్రాంక్ సీలు మార్చారు, అయినా పార్కింగ్‌లో మరకలే. తప్పు సీలుది కాకపోవచ్చు. బిరడాల వల్లో, అందం కోసం వేసిన సన్న పైపు వల్లో, మలుపులో నలిగిన హోస్ వల్లో లోపల ప్రెషర్ పెరిగి ఆయిల్‌ని ఎక్కడ సందు దొరికితే అక్కడికి నెడుతుంది.

పరీక్ష తేలిక. ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఉంచండి. ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే పైపును ఊడదీసి, కవర్ వైపు రంధ్రాన్ని మూసి, ఆయిల్ క్యాప్ తీసి ఆ నోటి మీద పలచటి కాగితం పెట్టండి (బెల్టు దగ్గర చొక్కా చేతులు జాగ్రత్త). కాసేపట్లో కాగితం లోపలికి అతుక్కుంటే లాగుడు బాగున్నట్టే. ఎగిరిపడుతుంటే పీసీవీ వాల్వ్ విప్పి ఊపండి. చాలా రకాల్లో లోపలి ముక్క టకటకలాడాలి. ఆడకపోతే కడుగుతూ కూర్చోకుండా కొత్తది వేయండి, అది ఖరీదైన పార్టేమీ కాదు. కొత్త వాల్వ్, శుభ్రమైన పైపు వేసినా కాగితం ఎగురుతుంటే కంప్రెషన్ చూపించండి. రింగులు అరిగిపోయిన ఇంజిన్‌ని ఏ బ్రీదరూ కాపాడలేదు.

ఐడ్లింగ్ ఎగుడుదిగుడు, చెక్ ఇంజిన్ లైటు

లోపలికెళ్లే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న కార్లలో ఇది మామూలు. శుభ్రమైన గాలి వైపు పైపు తీసి కవర్ మీద విడి ఫిల్టర్ పెడితే, పీసీవీ దాంట్లోంచి గాలి లాగుతుంది. ఆ గాలి సెన్సర్ లెక్కలోకి రాదు, పెట్రోలు తక్కువై, గాలి ఎక్కువై మిశ్రమం పల్చబడుతుంది. ఆ పైపు మళ్లీ సెన్సర్ దాటిన చోటే కలపాలి. వాల్వ్ లేకుండా నేరుగా హోస్ బిగించినా ఇదే గొడవ, ఇంకా ఎక్కువగా. కార్బురేటర్ బండిలో లైటు వెలగదు గానీ, ఫిల్టర్ చుట్టూ ఆయిల్ పొగ చిమ్మి పాలిష్ మీద దుమ్ము పట్టేస్తుంది, వాసన క్యాబిన్‌లోకి వస్తుంది.

పీయూసీ (పొల్యూషన్ పరీక్ష) పాసైంది కదా అనొద్దు. అది సైలెన్సర్ పొగనే కొలుస్తుంది, బానెట్ కింద వదిలే గ్యాసును కాదు.

మెరిసే కవర్ వేశాక నీలం పొగ

బయట దొరికే కొన్ని అల్యూమినియం ట్యాపెట్ కవర్లకు పీసీవీ రంధ్రం కింద అడ్డురేకు ఉండదు. పాతదాంట్లో ఉంటుంది, దాన్ని ఎవరూ తిరగేసి చూడరు. అది లేకపోతే ట్యాపెట్లు చిమ్మే ఆయిల్ నేరుగా మానిఫోల్డ్‌లోకి పోయి, కాలి నీలం పొగ అవుతుంది. కొనేముందు కవర్ తిరగేసి చూడండి. రేకు లేకపోతే లేత్ షాపులో పెట్టించుకోండి, మరలు ఊడి ట్యాపెట్ల మీద పడకుండా గట్టిగా.

క్యాచ్ క్యాన్ (గ్యాసుతో వచ్చే ఆయిల్‌ని పట్టి ఉంచే డబ్బా) పెట్టాలనుకుంటే వాల్వ్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్య, మూత బిగుతుగా, లోపల జాలీ ఉన్నది పెట్టండి. పైన ఫిల్టర్ ఉన్న డబ్బా మళ్లీ పాత కథే. నిండేదాకా ఆగకుండా ఖాళీ చేసి, ఆ మడ్డిని పాత ఇంజిన్ ఆయిల్‌తో పాటు మెకానిక్‌కే ఇవ్వండి.

మరి అందం సంగతి

పైపు ఉంచి కూడా శుభ్రంగా కనిపించేలా చేయొచ్చు. అదే లోపలి కొలతతో, ఆయిల్‌కి తట్టుకునే నైట్రైల్ రబ్బరు హోస్ తీసుకుని మానిఫోల్డ్ కింది నుంచి తిప్పండి. మలుపు దగ్గర హోస్‌ని వంచకుండా అచ్చుపోసిన ఎల్బో వాడండి, నీరు నిలిచే పల్లం ఉండనివ్వకండి, ఎగ్జాస్ట్‌కి దూరంగా క్లిప్పులతో కట్టండి. రంగురంగుల మామూలు సిలికాన్ హోస్ ఆయిల్ ఆవిరికి చెమ్మగిల్లి జిడ్డు కారుతుంది. ఇక బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లు క్రోమ్ జోలికి పోకుండా ఉంటే మంచిది: ఉప్పు గాలికి చుక్కలు పడుతుంది, పాలిష్ చేసిన అల్యూమినియం తెల్లబారుతుంది. ఒరిజినల్ కవర్‌కే నల్ల పౌడర్ కోటింగ్ వేయిస్తే చాలాకాలం నిలుస్తుంది. నల్లటి కవర్ పక్కన నల్ల పైపు పెద్దగా కనిపించదు కూడా.