సెప్టిక్ ట్యాంకు మరణంపై డాక్యుమెంటరీ తీయడం ఎలా

సెప్టిక్ ట్యాంకులో దిగిన కార్మికుడు ఊపిరాడక చనిపోతే మరునాడు జిల్లా పేజీలో అది నాలుగు వాక్యాల వార్త అవుతుంది. మృతుడి వయసు, విషవాయువు, కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నామన్న ఎస్సై మాట అందులో ఉంటాయి. అతణ్ని లోపలికి దించినవారి పేరు తరచుగా ఉండదు. ఈ విషయంపై తొలిసారి డాక్యుమెంటరీ తీయదలచినవారు తమ చిత్రానికి ప్రశ్నను ఆ లోటు దగ్గరే వెతుక్కోవాలి. ఎలా చనిపోయాడన్నది వైద్యుడు చెబుతాడు. ఎవరు రమ్మన్నారు, ఎంత కూలికి రమ్మన్నారు, యంత్రం ఉండగా మనిషిని ఎందుకు దించారు అన్నవి చిత్రం అడగవలసినవి. కెమెరా కొనడానికి ముందే ఈ ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుంటే, తరువాత ఏడుపు దృశ్యాలు ఎన్ని దొరికినా దారి తప్పకుండా ఉండవచ్చు.

మొదట చట్టం చదవాలి. మానవ మలాన్ని చేతులతో ఎత్తే పనిలో మనుషులను పెట్టడాన్ని నిషేధిస్తూ, వారి పునరావాసానికి ఏర్పాట్లు చేస్తూ పార్లమెంటు 2013లో ఒక చట్టం చేసింది. రక్షణ పరికరాలు ఇవ్వకుండా, జాగ్రత్తలు పాటించకుండా మురుగు కాల్వల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని దించడాన్ని ఆ చట్టంలోని 7వ సెక్షన్ ఎవరికైనా సరే నిషేధిస్తుంది. మున్సిపాలిటీతో పాటు కాంట్రాక్టరు, అపార్ట్‌మెంటు సంఘం, సొంత ఇంటి యజమాని కూడా ఈ నిషేధం కిందికి వస్తారన్న సంగతి చాలామందికి తెలియదు. మొదటిసారి ఉల్లంఘనకు రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని 9వ సెక్షన్ చెబుతుంది. బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ వంటివారు నిర్మించిన, పాకీ పని నిర్మూలనకు పోరాడే సంస్థ సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు ఇస్తూ, 1993 నుంచి ఇలా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి పది లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. 2023 అక్టోబరులో మరో తీర్పులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచింది. కుటుంబానికి దక్కింది ఇందులో ఎంత, ఎప్పుడు, ఎవరి చేతి మీదుగా అన్న చిన్న లెక్క ఒక్కటే మీ చిత్రానికి వెన్నెముక కాగలదు.

చట్టంతో పాటు వాయువు సంగతీ తెలిసి ఉండాలి. ట్యాంకులో పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసన తెలియకుండా పోతుంది. అందువల్ల వాసన తగ్గిందని ధైర్యంగా దిగినవాడు స్పృహ తప్పి పడిపోతాడు, అతణ్ని పైకి లాగబోయిన రెండోవాడూ పడిపోతాడు. ఇలాంటి ఘటనల్లో ఇద్దరు ముగ్గురు కలిసి చనిపోవడానికి కారణం తరచుగా ఇదే. ఈ విషయం తెలియని దర్శకుడు ‘తాగి దిగాడండీ’ అని ఎవరైనా అనగానే తల ఊపి వచ్చేస్తాడు. తెలిసినవాడు పోస్టుమార్టం నివేదికలో మరణ కారణంగా ఏం రాశారో, ఫోరెన్సిక్ పరీక్షకు ఏం పంపారో, ఫలితం వచ్చిందో లేదో అడుగుతాడు.

కాగితాల సేకరణకు షూటింగు కంటే ఎక్కువ సమయం పడుతుంది, పట్టనివ్వాలి. సున్నితమైనవి మినహా ఎఫ్ఐఆర్‌లను ఇరవై నాలుగు గంటల్లో ఇంటర్నెట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించినందున వాటిని పోలీసు శాఖ వెబ్‌సైట్లలో వెతకవచ్చు; దొరకకపోతే ఫిర్యాదు చేసిన కుటుంబ సభ్యుల దగ్గర ప్రతి ఉంటుంది. అందులో ఏ సెక్షన్లు ఉన్నాయో చూసిన తరువాత ఏవి లేవో చూడాలి. అనుమానాస్పద మృతిగా, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 194 కింద మాత్రమే నమోదైందా, నిర్లక్ష్యం వల్ల మరణమని, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన న్యాయ సంహిత 106 చేర్చారా, 2013 చట్టం సెక్షన్లు ఉన్నాయా, మృతుడు ఎస్సీ లేదా ఎస్టీ అయితే అత్యాచారాల నిరోధక చట్టంలో పాకీ పని చేయించడాన్ని నేరంగా చెప్పే 3(1)(జె) ఉందా అన్నవి వేర్వేరు కథలు చెబుతాయి. పేజీని తెరమీద చూపేటప్పుడు సాక్షుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు కప్పివేయాలి.

మున్సిపాలిటీకి సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయల రుసుముతో పెట్టవచ్చు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు ఉంది. దరఖాస్తులో ‘ఎందుకు చర్య తీసుకోలేదు’ అని అడిగితే ఏమీ రాదు, ఎందుకంటే పౌర సమాచార అధికారి రికార్డులు ఇస్తాడు గానీ సంజాయిషీ ఇవ్వడు. పనిని అప్పగించిన వర్క్ ఆర్డరు ప్రతి, కాంట్రాక్టరుతో కుదిరిన ఒప్పందం, రక్షణ పరికరాల కొనుగోలు బిల్లులు, ట్యాంకులు ఖాళీ చేసే వాహనాల లాగ్ పుస్తకంలో ఆ తేదీ పేజీ, పరిహారం మంజూరు చేసిన ఉత్తర్వు అని ఒక్కొక్కటిగా అడగాలి. వర్క్ ఆర్డరే లేదని రాతపూర్వకంగా వచ్చే జవాబు కూడా చిత్రంలో గట్టి దృశ్యమే.

కుటుంబం దగ్గరకు వెళ్లే విషయంలో నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది: మొదటిసారి వెళ్లినప్పుడు కెమెరా బ్యాగు చేతిలో ఉండకూడదు. దినకర్మలు ముగియకముందు వెళ్లనే కూడదు. ఊరి సంఘం పెద్దనో, కేసు చూస్తున్న వకీలునో, కార్మిక సంఘం మనిషినో వెంటబెట్టుకుని వెళ్లి, మీరెవరో, ఎవరి డబ్బుతో తీస్తున్నారో, దీనివల్ల పరిహారం త్వరగా వస్తుందన్న హామీ ఏదీ లేదనీ స్పష్టంగా చెప్పాలి. అంగీకార పత్రం మీద సంతకం తీసుకోవడం తేలిక. అంగీకారం తీసుకోవడం తేలిక కాదు. పత్రాన్ని వాళ్ల మాటల్లో చదివి వినిపించి, ‘అమ్మా, ఇది యూట్యూబ్‌లో పెడితే మీ చుట్టాలు చూస్తారు, పిల్లల స్కూలు వాళ్లు చూస్తారు, ఆ కాంట్రాక్టరు కూడా చూస్తాడు, ఒకసారి బయటికి వెళ్లాక వెనక్కి తీసుకోవడం నా చేతిలో ఉండదు’ అని చెప్పి, ఆలోచించుకోవడానికి కొన్ని రోజులు ఇచ్చి రావాలి. అద్దె ఇంట్లో ఉండే కుటుంబాలు ఇంటాయన చేసే పనిని ఇరుగుపొరుగుకు చెప్పకుండా దాచుకున్న సందర్భాలు ఉంటాయి; హాస్టల్లో చదివే కూతురికి తండ్రి ఎలా చనిపోయాడన్నది తోటి పిల్లలకు తెలియడం ఇష్టం ఉండకపోవచ్చు. మీ చిత్రం ఆ కుటుంబం కులాన్నీ వృత్తినీ ఊరందరికీ చాటుతుంది. అందుకే తుది కూర్పు ఖరారయ్యేదాకా ఎప్పుడైనా తప్పుకునే హక్కు వారికి ఉందని పత్రంలోనే రాయాలి, తప్పుకుంటే ఆ భాగం తీసేయాలి.

డబ్బు విషయం కూడా ముందే తేల్చుకోవాలి. మాట్లాడినందుకు డబ్బిస్తే రేపు కోర్టులో అవతలి వకీలుకు అదే ఆయుధం అవుతుంది; కానీ రోజు కూలికి వెళ్లే మనిషిని పగలంతా కూర్చోబెట్టి ఒట్టి చేతులతో లేచి రావడం కూడా న్యాయం కాదు. పోయిన కూలి మేరకు, అందరికీ ఒకే లెక్కన, రసీదుతో ఇచ్చి, ఆ సంగతి చిత్రంలో ఒక వాక్యంగా ప్రకటించడం నాకు సమంజసంగా తోస్తుంది.

ఇంటర్వ్యూలో మృతుడి భార్య చాప మీద కూర్చుంటే మీరూ చాప మీదే కూర్చుని, లెన్సును ఆమె కళ్ల ఎత్తుకు దించాలి. ఫ్యాను ఆపించి, పక్కింటి టీవీ తగ్గించమని బతిమాలి, కాలర్ మైకు పెట్టి, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఆ గది శబ్దాన్ని విడిగా రికార్డు చేసుకోవాలి. కూర్పులో అతుకులు తెలియకుండా చేసేది ఆ నిమిషమే. దండ వేసిన ఫొటోను వెనకాల పెట్టి కూర్చోబెట్టే అలవాటు మానుకుంటే మంచిది, మనిషిని చూడకముందే ప్రేక్షకుడు జాలికి సిద్ధపడిపోతాడు. ‘ఆ రోజు మీకెలా అనిపించింది’ అన్న ప్రశ్న వద్దు. ఆ రోజు ఫోన్ ఎవరు చేశారు, ఎన్నింటికి, కూలి ఎంతన్నారు, ఎంతసేపటి పని అన్నారు, వెంట ఎవరెవరు వెళ్లారు, ఆయన చొక్కా విప్పి ఎక్కడ పెట్టాడు అని అడిగితే, చొక్కా దగ్గరకు వచ్చేసరికి ఆమె తనంతట తానే మిగిలింది చెబుతుంది, లేదా మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని కోసెయ్యవద్దు, దాని మీదికి కెమెరాను జూమ్ చేయవద్దు. ఏడుస్తుంటే కెమెరా ఆపాలా అన్నది ఆమెను ముందే అడిగి పెట్టుకోవలసిన విషయం.

ముఖం చూపవద్దని కోరిన సాక్షిని తీసేటప్పుడు తరువాత మసక చేద్దాం అనుకోవడం ప్రమాదం, ఎందుకంటే అసలు ఫుటేజీ ఎవరి చేతికైనా చిక్కితే ముఖం అందులో ఉంటుంది. మొదటే చేతులను, వీపును, గోడ మీది నీడను తీయాలి. గొంతు స్వరం మార్చినా గుర్తుపట్టే అవకాశం ఉంది కనుక, ఆ మాటలను మరొకరితో చదివించి, అలా చదివించామని తెరమీద రాయడం భద్రం.

ఘటన స్థలంలో ఒక నియమం కచ్చితమైనది: దృశ్యం కోసం ఏ కార్మికుణ్నీ ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి దిగమని అడగకూడదు, ‘కొంచెం నడుము దాకా’ అని కూడా అడగకూడదు. అది ప్రాణాపాయం; పైగా మీ చిత్రం వేలెత్తి చూపుతున్న నేరాన్ని మీరే చేయించడం అవుతుంది. దిగే దృశ్యం అవసరం లేదు కూడా. ట్యాంకు మూత పక్కన టేపు పెట్టి దాని వెడల్పును కొలిచి చూపండి. మనిషి భుజాలు పట్టీ పట్టనంత ఆ రంధ్రాన్ని స్టాండు మీద కదలని కెమెరాతో అరనిమిషం చూపితే ప్రేక్షకుడి ఊపిరి బిగుస్తుంది. మృతదేహం దృశ్యాలు, ఘటన రోజు ఎవరో ఫోన్లో తీసి వాట్సాప్‌లో తిప్పిన వీడియోలు వాడవద్దని నా మాట. తప్పనిసరై వాడితే కుటుంబం చూసి ఒప్పుకున్నాకే వాడాలి.

కాంట్రాక్టరును, అపార్ట్‌మెంటు సంఘాన్ని, మున్సిపల్ కమిషనర్‌ను కూడా అడగాలి. ప్రశ్నలను రాతపూర్వకంగా స్పీడ్ పోస్టులో పంపి, గడువు ఇచ్చి, జవాబు వస్తే దాని సారాన్ని, రాకపోతే రాలేదన్న సంగతిని తేదీతో సహా చూపాలి. పరువు నష్టం కేసు వేస్తే మీకు అండగా నిలిచేవి ఆ రసీదులే. విచారణ నడుస్తున్న కేసులో ‘హంతకుడు’ వంటి మాటలు వ్యాఖ్యానంలో రాకూడదు, తీర్పు జోస్యం చెప్పకూడదు. సాక్షులు పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలానికీ కెమెరా ముందు చెప్పినదానికీ తేడా వస్తే కేసు దెబ్బతింటుంది కనుక, ప్రత్యక్ష సాక్షితో మాట్లాడే ముందు కుటుంబం తరఫు వకీలును సంప్రదించడం మేలు. అసలు ఫైళ్లను పేరు కూడా మార్చకుండా రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచాలి; ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో సాక్ష్యంగా చూపవలసి వస్తే పాత ఎవిడెన్స్ యాక్టు స్థానంలో వచ్చిన సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రమూ, ఫైలు హాష్ విలువా (ఫైలు మారలేదని చూపే సంకేతం) కావాలి.

కూర్పు గురించి రెండు మాటలు చాలు. విషాద సంగీతం వద్దు. మాండలికాన్ని ఉపశీర్షికల్లో పాఠ్యపుస్తకపు తెలుగులోకి దిద్దవద్దు. ఆమె ‘జెప్పిండు’ అంటే ‘జెప్పిండు’ అనే రాయండి.

మొదటి ప్రదర్శన కుటుంబం కోసం, వాళ్ల ఇంట్లో, ల్యాప్‌టాప్ మీద జరగాలి, అదీ మార్చడానికి ఇంకా వీలుండగా. ఆ తరువాత హాల్లో బహిరంగంగా టిక్కెట్టుతో గానీ ఉచితంగా గానీ వేయాలంటే సెన్సార్ ధ్రువపత్రం అడుగుతారు. సెన్సార్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం హైదరాబాదులో ఉంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేయవచ్చు. బోర్డు కోతలు చెబితే అక్కడితో కథ ముగిసినట్టు కాదు: అణ్వాయుధాలపై ఆనంద్ పట్వర్ధన్ తీసిన డాక్యుమెంటరీకి చెప్పిన కోతలపై ఆయన పోరాడితే 2003లో బొంబాయి హైకోర్టు ఆయన పక్షాన నిలిచింది. ఇదే పాకీ పని మీద తమిళనాట దివ్య భారతి 2017లో తీసిన ‘కక్కూస్’ ప్రదర్శనలను పోలీసులు అడ్డుకుంటే, ఆమె దాన్ని యూట్యూబ్‌లో పెట్టారు. ఆమెపై కేసులూ పడ్డాయి. కనుక ప్రదర్శన తేదీకి ముందే వకీలు ఫోన్ నంబరు, హాలు యజమాని రాతపూర్వక అనుమతి చేతిలో ఉంచుకోవాలి. పారిశుద్ధ్య కార్మికుల సంఘం ఆఫీసులో, లా కాలేజీలో, మున్సిపల్ ఇంజనీర్ల శిక్షణలో చూపగలిగితే, పండగ సినిమాల మధ్య థియేటరు కోసం తంటాలు పడటం కంటే ఎక్కువ పని జరుగుతుంది.

చిత్రం చివరి కార్డులో కేసు ఏ దశలో ఉందో, పరిహారం ఎంత అందిందో తేదీతో రాయాలి. చార్జిషీటు పడినా, కొట్టేసినా, డబ్బు వచ్చినా ఆ కార్డును మార్చి, ఆన్‌లైన్‌లో ఉన్న ప్రతిని కూడా మార్చాలి. ఆ పని చేయడానికి ప్రాజెక్టు ఫైలును, కుటుంబం ఫోన్ నంబరును చిత్రం విడుదలైన తరువాత కూడా దాచి ఉంచాలి.