కొత్త హెడ్‌ఫోన్స్ బిగుతు తగ్గాలంటే

పాటలు శ్రద్ధగా వినాలని మంచి ఓపెన్ బ్యాక్ (చెవి కప్పుల వెనకవైపు గాలి ఆడేలా తెరిచి ఉండే) హెడ్‌ఫోన్స్ కొనుక్కున్నాను. అరగంటకే దవడలు నొప్పి, కళ్లజోడు కాడ ఆనిన చోట చెవిపైన ఎర్రటి గీత. తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను కానీ, ఇలా చేస్తే సర్దుకుంది.

ముందు ఒక చెవి నుంచి రెండో చెవికి ఎంత వెడల్పుందో కొలవండి. నాది 15 సెం.మీ. దానికి 2 సెం.మీ. కలిపి, అంత మందం వచ్చేలా పుస్తకాలు పక్కపక్కన నిలబెట్టి హెడ్‌ఫోన్స్ వాటికి తొడిగి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే పెట్టుకుని చూడండి. ఇంకా నొక్కుతుంటే మరో రాత్రి అలాగే ఉంచండి. నాకు మూడు రాత్రులు పట్టింది. కళ్లజోడు కాడలు సన్నగా ఉంటే ఇంకా హాయి.

తలమీద ఆనే బ్యాండ్ లోపల స్టీలు పట్టీ ఉన్నవాటికే ఇది పనిచేస్తుంది. బ్యాండ్ మొత్తం ప్లాస్టిక్ అయితే విరిగిపోవచ్చు, చేయకండి. మరీ వదులైనా కష్టమే: కుషన్ చెవి చుట్టూ ఆనకపోతే బేస్ (లోతైన శబ్దాలు) పల్చబడిపోతుంది. మృదంగం మోతలో తేడా వెంటనే తెలుస్తుంది.