మామిడి కాండం తొలిచే పురుగుకి శానిటైజర్ వల

హుద్‌హుద్ తుఫానప్పుడు మన విశాఖలో ఎన్నో చెట్లు కూలాయి. అలా కూలకపోయినా, గాలికి దెబ్బతిన్న చెట్లూ, వేర్ల దగ్గర నీళ్లు నిలిచిన చెట్లూ లోపల ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) తయారుచేస్తాయి, ఆ వాసన పట్టుకునే ఆంబ్రోసియా పెంకు పురుగులు వచ్చి కాండం తొలుస్తాయి. మనమూ అదే వాసన చూపిద్దాం. లీటరు బాటిల్‌కి పక్కన కిటికీలు కోసి, అడుగున సబ్బునీళ్లు పోసి, ఇథనాల్ శానిటైజర్‌లో ముంచిన దూది లోపల వేలాడదీయండి (ఐసోప్రొపైల్ రకం వద్దు, లేబుల్ చూడండి). చెట్టుకే కడితే పిలిచి పీట వేసినట్టే! కాస్త దూరంగా, నడుమెత్తులో కట్టండి. మన ఎండకి దూది త్వరగా ఆరిపోతుంది, మళ్లీ తడపాలి. రెండు మూడు మిల్లీమీటర్ల గోధుమరంగు పురుగులు పడుతుంటే, కాండం మీద పుల్లల్లా పొడుచుకొచ్చిన రంపపు పొట్టు కోసం వెతకండి. వలతో పురుగు పోదు, వచ్చిందని తెలుస్తుందంతే. ముందు చెట్టు మొదలు దగ్గర నిలిచిన నీళ్లు తీసేయండి.