నార్స్ పురాణాల నేపథ్యంతో ఫాంటసీ కథ ఎలా రాయాలి?

ముందుగా కొమ్ముల హెల్మెట్ పక్కన పడేయండి. వైకింగులు (ఈ పురాణాలు చెప్పుకున్న ఉత్తర ఐరోపా సముద్రయోధులు) అలాంటివి పెట్టుకుని యుద్ధాలకు వెళ్లారనడానికి ఆధారాల్లేవు. ఆ రూపం బాగా పాకింది 19వ శతాబ్దపు ఒపెరా దుస్తుల వల్ల. నార్వేలో 1943లో దొరికిన అసలైన హెల్మెట్‌కి కొమ్ముల్లేవు, గుండ్రంగా ఉంటుంది.

1. చోటు, కాలం తేల్చుకోండి

793లో ఇంగ్లండ్‌లోని లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడి మొదలు 1066 దాకా వైకింగ్ యుగం అంటారు. ఇందులో దాడుల కథలు ఇప్పటికే బోలెడున్నాయి. నన్నడిగితే ఐస్‌లాండ్ ఎంచుకోండి. అక్కడ రాజు లేడు. సుమారు 930 నుంచి ఏటా వేసవిలో ఆల్థింగ్ అనే సభ జరిగేది. మొదట్లో చట్టం రాతలో లేదు. చట్టవక్త దాన్ని నోటికి నేర్చుకుని, ఏడాదికి మూడో వంతు చొప్పున సభలో అప్పజెప్పేవాడు. బహిష్కరణ శిక్ష పడినవాణ్ని ఎవరు చంపినా నేరం కాదు. కత్తి తీయకుండానే ఇంత టెన్షన్ దొరుకుతుంటే వదులుకోవడం ఎందుకు?

2. ఇంటి నుంచి మొదలుపెట్టండి

పొడవాటి ఇల్లు, మధ్యలో నెగడు, కప్పు కింద పొగ. ఎండు చేపలు, పాల పదార్థాలు, చలికాలమంతా పశువులకు సరిపోతుందో లేదో తెలియని గడ్డి. ఆడవాళ్లు మగ్గాల మీద ఉన్ని నేస్తుంటారు, తెరచాపలు కూడా ఆ ఉన్నివే. ఆ ఇంట్లో బానిసలూ ఉంటారు, వాళ్లను దాచకండి.

3. మాయకు వెల కట్టండి

అసలు కిటుకు ఇక్కడుంది. దేవతల పెద్ద ఓడిన్‌కు జ్ఞానం తపస్సు మెచ్చిన వరంలా రాలేదు. జ్ఞానమిచ్చే మీమిర్ బావి నీళ్ల కోసం ఒక కన్ను ఇచ్చేశాడు, రూన్ అనే పాత లిపి కోసం తొమ్మిది రాత్రులు చెట్టుకు వేలాడాడు. ఫెన్రిర్ అనే తోడేలును కట్టడానికి టీర్ అనే దేవుడు తన చేతిని దాని నోట్లో పెట్టి పోగొట్టుకున్నాడు. కట్టిన తాడు దేంతో చేశారో చూడండి: పిల్లి అడుగుల చప్పుడు, ఆడదాని గడ్డం, కొండ వేళ్లు, ఎలుగుబంటి నరాలు, చేప ఊపిరి, పిట్ట ఉమ్మి. మీ మాయ సరంజామా కూడా ఇంత వింతగా ఉండాలి.

పోగొట్టుకున్నది తర్వాత అవసరపడేదై ఉండాలి. ఉదాహరణకు, చావుబతుకుల్లో ఉన్న కూతుర్ని కాపాడుకోవడానికి ఓ చట్టవక్త తన జ్ఞాపకాల్లో మూడో వంతు ఇచ్చేశాడనుకోండి. వేసవి సభ ఇంకా రెండు నెలలే.

4. ముగింపు గురించి దాగుడుమూతలు వద్దు

రాగ్నరోక్ అనే లోకాంతపు యుద్ధంలో ఫెన్రిర్ తనను మింగుతుందని ఓడిన్‌కు ముందే తెలుసు. అయినా సైన్యాన్ని పోగేస్తూనే ఉంటాడు. మీ పాత్రలకూ జరగబోయేది చెప్పేయండి, తెలిసీ ఏం చేస్తారో రాయండి.

5. పేర్లు, మాటలు

ఇంటిపేర్లు ఉండవు. తండ్రి పేరుకు కొడుకైతే ‘సన్’, కూతురైతే ‘డోటిర్’ చేర్చండి. రైతుల నోట ‘ప్రభూ’, ‘ఓ వీరుడా’ లాంటి డబ్బింగ్ సినిమా భాష పెట్టొద్దు, పొడి మాటలు చాలు. పురాణాలు చాలావరకు క్రైస్తవం వచ్చాక, 13వ శతాబ్దంలో రాతకెక్కాయి. ఐస్‌లాండ్ రచయిత స్నోర్రి స్టుర్లుసన్ కూర్చిన ఎడ్డా అనే పురాణ గ్రంథం అప్పటిదే. వాటిలో ఖాళీలు చాలా ఉన్నాయి, ధైర్యంగా పూరించుకోండి.

ఇక మన చట్టవక్త మరిచిపోయిన భాగంలో ఏ నిబంధన ఉందో, ఆ ఏడు సభలో ఎవరి ప్రాణం దాని మీద ఆధారపడిందో తేల్చుకుంటే రెండో అధ్యాయం మొదలుపెట్టేయొచ్చు.