పాత రేడియోలోంచి గిటారులోకి

ఎలక్ట్రిక్ గిటారు మూత తీసి చూస్తే లోపల ఉండేది చాలా కొంచెం. తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్‌లు రెండో మూడో, వాటిని ఎంచుకునే స్విచ్చి, వాల్యూం, టోన్ మార్చడానికి తిప్పే పాట్‌లు (పొటెన్షియోమీటర్లు) రెండో మూడో, ఒక కెపాసిటర్, కేబుల్ గుచ్చే జాక్ ఒకటి. మామూలు గిటారులో బ్యాటరీ కూడా ఉండదు. సామాను ఇంత తక్కువ కాబట్టే ఒక్క భాగం మార్చినా చెవికి తెలిసిపోతుంది. పాత రేడియోలూ, క్యాసెట్ ప్లేయర్లూ, తీగల టెలిఫోన్లూ విప్పి అందులోవి గిటారులో పెట్టడం నాకు అలవాటు. షరతు ఒక్కటే: మల్టీమీటరుతో కొలవకుండా ఏ భాగాన్నీ లోపలికి పోనివ్వను. నలభై ఏళ్ల నాటిదని చెప్పి ఎవరైనా కెపాసిటర్‌ని ముద్దు చేస్తుంటే నాకు నవ్వొస్తుంది. సర్క్యూట్‌కి వయసుతో పని లేదు.

ఏవి విప్పకూడదో ముందు చెప్పాలి. పిక్చర్ ట్యూబ్ టీవీ, మైక్రోవేవ్ ఓవెన్, ఫ్లాష్ ఉన్న కెమెరా: వీటి కెపాసిటర్లలో ప్లగ్ తీసేశాక కూడా ప్రమాదకరమైన ఓల్టేజి నిలిచి ఉంటుంది. అయనైజేషన్ రకం పొగ అలారంలో అమెరీషియం-241 ఉంటుంది, దాని జోలికి వెళ్లొద్దు. ట్రాన్సిస్టర్లకి బదులు గాజు వాల్వులతో నడిచే వాల్వ్ రేడియో ఉంటే, దాని కెపాసిటర్లను ఖాళీ చేయడం తెలిసిన మనిషి పక్కన ఉన్నప్పుడే విప్పండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టర్ రేడియో చాలు.

రేడియోలో వాల్యూం తిప్పే పాట్ గిటారులోనూ అదే పని చేస్తుంది కదా అని పెట్టేస్తే, గిటారు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటుంది. తేడా విలువలో ఉంది. ఒకే తీగ చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్‌లకి 250 కిలో ఓమ్‌లు, రెండు చుట్టలున్న హంబకర్లకి 500 వాడటం రివాజు. ట్రాన్సిస్టర్ రేడియోల్లో ఎక్కువగా దొరికేవి 5, 10, 50 కిలో ఓమ్‌లవి. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్ల సన్నని రాగి తీగ. దాని ఇండక్టెన్స్ 2.5 హెన్రీలు, తీగ నిరోధం 6 కిలో ఓమ్‌లు అనుకుందాం. దానికి 10 కిలో ఓమ్‌ల పాట్ తగిలిస్తే సుమారు 1000 హెర్ట్జ్ దగ్గర్నుంచే శబ్దం జారిపోవడం మొదలవుతుంది. గిటారు మెరుపంతా ఉండేది ఆ పైనే. వాల్వ్ రేడియోల్లో మాత్రం 500 కిలో ఓమ్‌లవీ, 1 మెగా ఓమ్‌వీ దొరుకుతాయి. 500ది దొరికితే పక్క కాళ్లు రెండింటి మధ్య 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే 250కి దగ్గరగా వస్తుంది.

పాట్ మీద ఉండే అక్షరాన్ని గుడ్డిగా నమ్మకండి. ఇప్పటి వాటిలో ‘ఏ’ అంటే ఆడియో (మొదట మెల్లగా, చివర్లో వేగంగా మారేది), ‘బి’ అంటే లీనియర్ (తిప్పిన కొద్దీ సమంగా మారేది). పాత యూరప్ తయారీ వాటిలో ఇది తిరగబడి ఉండొచ్చు. సరిగ్గా సగానికి తిప్పి, నడిమి కాలికీ పక్క కాలికీ మధ్య కొలవండి. మొత్తంలో సగం చూపిస్తే లీనియర్. ఒక వైపు పదిహేను శాతం లోపు, రెండో వైపు మిగతాదంతా చూపిస్తే ఆడియో, వాల్యూంకి నేను వాడేది అదే. తిప్పుతుంటే గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ లోపలికి కొట్టి, అటూ ఇటూ బాగా తిప్పండి. చాలావరకు బాగుపడుతుంది.

పాత రేడియోలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది బ్యాండ్ మార్చే తిరుగుడు స్విచ్చి. మీడియం వేవ్, షార్ట్ వేవ్ అంటూ టక్ టక్‌మని తిరిగేది. నా మూడు పికప్‌ల గిటారులో రెండో టోన్ పాట్ ఉండే రంధ్రంలో ఇప్పుడు అది కూర్చుని ఉంది. దాన్ని ఎందుకు పెట్టానో చెప్పాలంటే కొంచెం లెక్క కావాలి.

పికప్ ఇండక్టెన్స్‌కీ, కేబుల్‌లో ఉండే కెపాసిటెన్స్‌కీ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దం పైకి లేస్తుంది. ఆ శిఖరం ఎక్కడ ఉందన్నదే పికప్ గొంతులో పెద్ద భాగం. మన 2.5 హెన్రీల పికప్‌కి కేబుల్‌తో కలిపి 600 పికోఫారడ్‌లు ఉంటే శిఖరం 4.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దానికి 1 నానోఫారడ్ కెపాసిటర్ అడ్డం వేస్తే 2.5కి దిగుతుంది. 2.2 వేస్తే 1.9, 4.7 వేస్తే 1.4, 10 వేస్తే దాదాపు 1 కిలోహెర్ట్జ్. అంటే ఒకే పికప్‌ని చిన్న కెపాసిటర్లతో వేరే వేరే పికప్‌ల గొంతులకి దగ్గర చేయొచ్చు. గిటార్లలో సాధారణంగా వేసే 22, 47 నానోఫారడ్‌లు ఈ పనికి మరీ పెద్దవి. ఇలాంటి కెపాసిటర్లు రేడియో బోర్డుల మీద దొరుకుతాయి: 102 అని రాసి ఉంటే 1 నానోఫారడ్, 222 అంటే 2.2, 472 అంటే 4.7, 103 అంటే 10. సెరామిక్ బిళ్లయినా ఫిల్మ్ రకమైనా నా చెవికి ఒకటే. ప్లస్, మైనస్ గుర్తులున్న ఎలక్ట్రోలిటిక్‌లు మాత్రం ఇక్కడికి పనికిరావు.

అతకడం తేలిక. బ్యాండ్ స్విచ్చికి కాళ్లు చాలా ఉంటాయి, కంగారుపడొద్దు. మల్టీమీటరుని బీప్ మోడ్‌లో పెట్టి, తిప్పుతున్నప్పుడు ప్రతి స్థానంలోనూ కలిసే కాలు ఏదో కనిపెట్టండి, అదే కామన్. దాన్ని వాల్యూం పాట్‌కి పికప్ సిగ్నల్ వచ్చే కాలికి కలపండి. మొదటి స్థానం కాలిని ఖాళీగా వదిలేయండి, అది గిటారు అసలు స్వరం. మిగతా కాళ్లకి ఒక్కో కెపాసిటర్ వేసి, వాటి రెండో కొసలన్నీ ఎర్త్‌కి, అంటే పాట్ వీపుల్నీ జాక్ బయటి కాలినీ కలిపే తీగకి, కలపండి. మారుస్తున్నప్పుడు టప్‌మని శబ్దం వస్తే, కెపాసిటర్ ఉన్న ప్రతి కాలికీ కామన్‌కీ మధ్య 10 మెగా ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే సర్దుకుంటుంది. స్విచ్చి పొడవు మీ గిటారు గుంతలో పడుతుందో లేదో అతకడానికి ముందే చూసుకోండి. పాత స్విచ్చీలు వరస మీద వరసగా చాలా లోతుంటాయి. దాని కోసం చెక్క తొలవొద్దు, ఒకే వరస ఉన్నది వెతకండి.

అదే రేడియోలో, స్టేషన్ శబ్దాన్ని విడదీసే చోట, ఒక చిన్న గాజు గొట్టం లాంటి జర్మేనియం డయోడ్ ఉంటుంది. ఓఏ79, 1ఎన్34ఏ ఆ కోవకి చెందినవే. రెండు సంపాదించి, పక్కపక్కనే, ఒకదాని గీత ఉన్న కొస రెండోదాని గీత లేని కొసకి తగిలేలా జోడించి, ఒక చిన్న స్విచ్చి మీదుగా సిగ్నల్‌కీ ఎర్త్‌కీ మధ్య వేస్తే, గట్టిగా మీటినప్పుడు శబ్దం కొస చెదురుతుంది. ఇవి సుమారు 0.3 వోల్టుల దగ్గర దారి ఇస్తాయి, సిలికాన్ డయోడ్‌కి 0.6 కావాలి, అంత మామూలు పికప్‌కి అందడం కష్టం. వాల్యూం తగ్గుతుంది, శబ్దాన్ని బాగా చెదరగొట్టే ఫజ్ పెడల్ అంత గోల ఉండదు. సోల్డర్ చేసేటప్పుడు డయోడ్ కాలిని పట్టకారుతో పట్టుకోండి, జర్మేనియం వేడికి ఓర్చుకోదు.

ఇక టెలిఫోన్. పాత రిసీవర్‌లో మాట్లాడే వైపు ఉండే కార్బన్ మైకు మనకి పనికిరాదు, దానికి కరెంటు కావాలి. చెవి వైపుది తీసుకోండి. దాని మూత తిప్పితే ఇనుప రేకు, వెనక అయస్కాంతం, తీగ చుట్ట కనిపిస్తాయి. రేకు తీసేసి, ఆ అయస్కాంతం కొసల్ని గిటారు స్టీలు తీగల కిందికి తెస్తే ఆ తీగలే ఆ రేకు పని చేస్తాయి. చుట్ట నిరోధం తక్కువ కాబట్టి సిగ్నల్ బలహీనం. అందుకే ట్రాన్సిస్టర్ రేడియోలో స్పీకర్ ముందుండే బుల్లి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ని వెనక్కి తిప్పి వాడాలి: స్పీకర్ వైపు కొసలు రిసీవర్‌కి, రెండో వైపు కొసలు జాక్‌కి. అది 1000 ఓమ్‌ల నుంచి 8 ఓమ్‌లకి చేసినదైతే ఓల్టేజి లెక్క ప్రకారం పదకొండు రెట్లు పెరుగుతుంది. ఆరు తీగలూ దాని కిందికి రావు, రెండు మూడే వస్తాయి. లోతూ ఉండదు, మెరుపూ ఉండదు, పాత ఫోన్లో వినిపించే ఆ ఇరుకు గొంతు మాత్రం వస్తుంది. నాకు కావలసింది అదే. మెడ దగ్గర, తీగలకి కొంచెం దూరంగా, రెండు వైపులా అంటుకునే టేపు మీద నిలబెడితే చాలు.

హార్డ్ డిస్క్‌లో దొరికే అయస్కాంతాలతో పికప్ చేద్దామని చాలామందికి అనిపిస్తుంది. అవి మరీ బలమైనవి. తీగల్ని లాగేసి స్వరం వంకర తిప్పుతాయి, వేళ్ల మధ్య పడితే చర్మం నలిగిపోతుంది. క్వీన్ బృందం గిటారిస్టు బ్రయన్ మే, ఆయన తండ్రి 1963లో ఇంట్లో మొదలుపెట్టిన గిటారుకి మెడ పాత పొయ్యి గూటి చెక్క, ట్రెమలో (స్వరాన్ని ఊపే లివరు) స్ప్రింగులు 1928 నాటి పాంథర్ మోటారు సైకిలువి. అంతటి వాళ్లూ సొంతంగా చేసుకున్న పికప్‌లు నచ్చక, చివరికి బర్న్స్ ట్రై-సోనిక్‌లు కొనుక్కున్నారు. స్ప్రింగులకి, చెక్కకి, స్విచ్చీలకి పాత సామాను బాగా సరిపోతుంది. అసలు పికప్ మాత్రం నేనూ కొన్నదే వాడతాను.

లోపలి వైరింగ్‌కి పాత కంప్యూటర్లో సీడీ డ్రైవ్ నుంచి సౌండ్ కార్డుకి వెళ్లే సన్నని షీల్డ్ కేబుల్ ప్రశస్తంగా ఉంటుంది. పాత ఆంప్లిఫైయర్ హెడ్‌ఫోన్ జాక్ 6.35 మి.మీ.ది అయితే స్టీరియో అయినా పర్లేదు, రింగ్ కాలిని ఖాళీగా వదిలేయండి. గుంత లోపల అల్యూమినియం రేకు అంటిస్తే హమ్ (కరెంటు వల్ల వచ్చే గుంయ్ మనే రొద) తగ్గుతుంది. దాని మీద సోల్డర్ నిలవదు కనుక ఎర్త్ తీగని స్క్రూతో బిగించాలి. పాట్ వీపు మీద సోల్డర్ చేసే ముందు గీకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి, 40 వాట్ల ఐరన్ వాడండి.

మొదటి నుంచీ ఉన్న వైరింగ్‌ని తెంపకుండా బయటికి తీసి, ఫొటో తీసి పక్కన పెట్టుకోండి. కొత్త భాగాల్ని అట్టముక్క మీద అదే దూరంలో రంధ్రాలు చేసి, బయటే అతికి, వాల్యూం పూర్తిగా పెంచి జాక్ దగ్గర కొలవండి. సింగిల్ కాయిల్ అయితే 5 నుంచి 7 కిలో ఓమ్‌ల దగ్గర చూపించాలి. సున్నా చూపిస్తే ఎక్కడో ఎర్త్‌కి తగులుతోంది, ఏమీ చూపకపోయినా, పాట్ విలువే చూపినా ఎక్కడో తెగింది. తర్వాత ఆంప్ ఆన్ చేసి, స్క్రూడ్రైవర్ కొసతో ప్రతి పికప్‌నీ తట్టండి. టక్‌మంటే పని చేస్తున్నట్టే. ఫోన్ రిసీవర్‌ని మామూలు పికప్‌తో కలిపినప్పుడు శబ్దం పలచబడిపోతే రెండూ ఎదురు ఫేజ్‌లో ఉన్నట్టు, అంటే ఒకదాని సిగ్నల్ పైకి లేస్తే రెండోదానిది కిందికి దిగుతున్నట్టు: రిసీవర్ తీగలు రెండూ తారుమారు చేసి మళ్లీ సోల్డర్ చేయండి, ఆ తర్వాతే మూత బిగించండి.